వార్త వెంటే వచ్చే నవ్వు

ఒక వార్త వెలువడిన కొద్ది నిమిషాల్లోనే దాని మీద పాఠకులు విసిరే చమత్కారాలు, అతికించే సినిమా బొమ్మలు, అల్లే చిన్న చిన్న కల్పనలు ఇప్పుడు వార్తతో పాటే చదువరికి చేరుతున్నాయి. చాలాసార్లు వార్త కంటే ముందే చేరుతున్నాయి. వీటిని పొద్దుపోని పనిగా కొట్టిపారేసేవారు ఉన్నారు, సమాజంలో గాంభీర్యం తగ్గిపోతున్నదనడానికి వీటినే సాక్ష్యంగా చూపేవారూ ఉన్నారు. కాస్త ఓపికగా పరిశీలిస్తే తేలే సంగతి వేరు. ఈ రకమైన హాస్యం నిజంగా పండాలంటే రాసేవాడు వార్తను శ్రద్ధగా చదివి ఉండాలి, అందులో అసలు విషయం ఎక్కడుందో పట్టుకోవాలి, పట్టుకున్నదాన్ని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. అందుచేత దీన్ని వార్తకు పాఠకుడు రాసే అతి చిన్న వ్యాఖ్యానంగా గుర్తించడం న్యాయం. వ్యాఖ్యానానికి మూలం ఎంత ముఖ్యమో దీనికి వార్త అంత ముఖ్యం.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. ఎనిమిది మంది పృచ్ఛకులు వేసే ప్రశ్నలకు ఒకే అవధాని కాగితం కలం ముట్టకుండా, ధార చెడకుండా సమాధానం చెప్పే అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశం ఒకటి ఉంటుంది. మిగిలిన పృచ్ఛకులు సమస్యాపూరణమో దత్తపదో నిషిద్ధాక్షరో ఇచ్చి పద్యాలు రాబడుతుండగా, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో చొరబడి ఆనాటి రాజకీయం గురించో, కూరగాయల ధర గురించో, కొత్తగా వచ్చిన ఫోను గురించో ఒక కొంటె ప్రశ్న వేస్తారు. అవధాని తడుముకోకుండా బదులు చెప్పాలి. ఆ బదులు ప్రశ్నలోని మాటనే పట్టుకొని తిప్పికొట్టాలి. సభ నవ్వాలి గాని ప్రశ్న వేసినవారు నొచ్చుకోకూడదు. నవ్వులు సద్దుమణిగేలోగా అవధాని తాను వదిలిన పద్యపాదాన్ని మళ్ళీ అందుకోవాలి. దీన్ని ఆటవిడుపుగా మాత్రమే చూసేవారు ఉన్నప్పటికీ, ఛందస్సు తెలియని ప్రేక్షకుడు సైతం అవధాని ప్రజ్ఞను తనంత తానుగా అంచనా వేసుకోగలిగేది ఇక్కడే. ఇంటి దగ్గర తయారుచేసుకొని వచ్చిన చమత్కారాన్ని తెచ్చి తగిలిస్తే అది ప్రశ్నకు అతకలేదని సభకు వెంటనే తెలిసిపోతుంది. వార్త మీద పుట్టే హాస్యాన్ని తూచడానికీ ఈ కొలతే సరిపోతుంది: అది ఈ వార్తకే పుట్టిందా, ఏ వార్తకు తగిలించినా సరిపోయేదా అని చూడాలి.

2024 జులై 19వ తేదీన జరిగిన సంఘటన ఈ కొలతకు చక్కని ఉదాహరణ. ఆ శుక్రవారం, భారత కాలమానం ప్రకారం ఉదయం పది గంటలు కావడానికి కాస్త ముందు, క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ భద్రతా సంస్థ ఫాల్కన్ అనే తన రక్షణ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. కొత్త తరహా దాడులను గుర్తుపట్టడానికి కావలసిన సమాచారం ఉండే ఆ ఫైల్‌లో దోషం ఉంది. పైగా ఫాల్కన్ పనిచేసేది విండోస్‌లో కెర్నెల్ అనే అట్టడుగు పొరలో, అంటే ఏ చిన్న తప్పు జరిగినా యంత్రం మొత్తం ఆగిపోయే చోట. దానితో ఆ ఫైల్ అందుకున్న కంప్యూటర్లు నీలి తెర చూపి ఆగిపోయాయి, ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే తెర వచ్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అలా దెబ్బతిన్నవి దాదాపు 85 లక్షలు. సంస్థ తన తప్పును గంటన్నర లోపే గ్రహించి ఆ ఫైల్‌ను వెనక్కి తీసుకున్నా, అప్పటికే ఆగిపోయిన యంత్రాలను చాలాచోట్ల సిబ్బంది ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైల్‌ను స్వయంగా తొలగించవలసి వచ్చింది. ప్రపంచమంతటా విమానాలు రద్దయ్యాయి, ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి.

ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళవలసిన ఒక ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. పేరు, ఊరు, విమానం సంఖ్య, సీటు చేత్తో నింపిన ఆ కాగితాన్ని చూసి జనం నవ్వుకున్నారు. పక్కన ఒక్క వ్యాఖ్య లేకపోయినా ఆ ఫొటో నవ్విస్తుంది, ఎందుకంటే హైదరాబాద్ వంటి సాఫ్ట్‌వేర్ నగరంలో కంప్యూటర్లు చేతులెత్తేసిన పూట పని నడిపించినది ఎవరి చేతిరాతో అందులో కంటికి కనబడుతున్నది. సాంకేతిక లోపాన్ని గురించి ఎన్ని పేజీలు రాసినా అంత త్వరగా తలకెక్కదు.

అదే రోజు బెల్జియంకు చెందిన ఒక వ్యంగ్య రచయిత మరో కల్పన చేశాడు. క్రౌడ్‌స్ట్రైక్ కార్యాలయం ముందు నిలబడినట్లు కల్పించిన తన బొమ్మ పెట్టి, ఈ ఉద్యోగంలో ఇదే తన మొదటి రోజని, ఒక చిన్న అప్‌డేట్ పంపించి మధ్యాహ్నం సెలవు తీసుకుంటున్నానని రాశాడు. లక్షలాది మంది దాన్ని చూశారు, కొందరు నిజమనుకున్నారు కూడా. ఈ కల్పన ఎందుకు పండిందో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా చెప్పగలడు. శుక్రవారం పూట ప్రొడక్షన్‌లోకి, అంటే వినియోగదారులు నిజంగా వాడుతున్న వ్యవస్థలోకి, కొత్త కోడ్ పంపకూడదన్నది ఆ వృత్తిలో అందరూ చెప్పుకొనే జాగ్రత్త. ఏదైనా తిరగబడితే శని, ఆదివారాల్లో సరిచేసే మనిషి దొరకడు. కొత్తగా చేరినవాడు, చిన్న అప్‌డేట్, శుక్రవారం మధ్యాహ్నం సెలవు అనే మూడు వివరాలతో ఆ రచయిత అసలు ప్రశ్నను పైకి తెచ్చాడు: ఒక్క ఫైల్ ఒకేసారి లోకమంతటికీ ఎలా వెళ్ళగలిగింది? ముందు కొద్ది యంత్రాల మీద ప్రయోగించి చూసి, ఆ తరువాత దశలవారీగా అందరికీ పంపే పద్ధతిని ఇలాంటి ఫైళ్ళకూ పాటిస్తామని ఆ సంస్థ కొద్ది రోజుల తరువాత తన నివేదికలో ప్రకటించింది. నివేదిక తరువాత చేరుకున్న చోటికి హాస్యం మొదటి రోజే చేరుకుంది. మంచి వ్యాఖ్యానం చేసే పని ఇదే.

అయితే అదే సంఘటనలో పుట్టిన ఇంకొక చమత్కారం వేరే దారి పట్టింది. అమెరికాలోని సౌత్‌వెస్ట్ విమానయాన సంస్థ ఈ దెబ్బ నుంచి తప్పించుకోవడానికి కారణం అది ఇంకా 1990ల నాటి విండోస్ 3.1 మీద నడుస్తూ ఉండటమేనని ఒకరు సరదాకు రాసిన మాట చేతులు మారి, కొన్ని వార్తాసంస్థల కథనాల్లోకి ఎక్కింది. తరువాత పరిశీలించినవారికి ఆ మాటకు తగిన ఆధారం దొరకలేదు. మొదటి కల్పనకూ దీనికీ ఉన్న తేడా గమనించదగినది. బెల్జియం రచయిత కల్పనలోని అతిశయోక్తి కాస్త ఆలోచిస్తే దానంతట అదే బయటపడుతుంది. లక్షల యంత్రాలను ఆపినవాడు నవ్వుతూ ఫొటో దిగడు. రెండోది మాత్రం ఒక మామూలు సమాచారంలా ఉంది. నవ్వు కోసం పుట్టిన మాట నవ్వును వదిలించుకొని బయలుదేరితే, తరువాత దాన్ని అందుకున్నవారికి అది జోకని చెప్పే గుర్తేదీ మిగలదు.

భారతదేశానికి ఈ అనుభవం అంతకు చాలా ముందే కలిగింది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటన వెలువడిన వెంటనే, కొత్తగా వస్తున్న 2000 రూపాయల నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందని, భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెట్టేస్తుందని ఒక సందేశం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. కొన్ని టీవీ చానళ్ళు దాన్ని వార్తగా ప్రసారం చేశాయి. అలాంటిదేమీ లేదని అధికారులు చెప్పవలసి వచ్చింది. బ్యాటరీ కూడా లేని పలుచని కాగితం మట్టిలోంచి ఉపగ్రహానికి కబురు పంపడం ఎలా సాధ్యమన్న ప్రశ్న హైస్కూలు పిల్లలు అడగగలిగినదే. ఆ ప్రశ్నను జనం మనసుల్లో నాటినది, అధికారుల ఖండనల కంటే ఎక్కువగా, ఆ చిప్ మీద వచ్చిన జోకులే. 2023 మే 19న రిజర్వు బ్యాంకు 2000 నోటును చెలామణి నుంచి ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించినప్పుడు, ఆరేళ్ళకు పైగా మరుగున పడిన చిప్ మళ్ళీ హాస్యంలోకి వచ్చింది. పత్రికల్లో పాత తప్పును గుర్తుచేసే ఆనవాయితీ అంతగా లేదు. ఆ పనిని పాఠకుల హాస్యం చేసిపెట్టింది.

తెలుగు పాఠకులు ఈ విద్యకు ఎంచుకున్న సాధనం సినిమా. వార్తలోని ఒక వాక్యం పైన, ఏదో ఒక సన్నివేశంలోని ముఖం కింద పెట్టి తయారుచేసే బొమ్మను, లేదా చేతులు మారుతూ రూపం మార్చుకొనే ఏ చమత్కారాన్నైనా, మీమ్ అంటున్నారు. ఆ పదాన్ని జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో, ఒకరి నుంచి ఒకరికి అనుకరణ ద్వారా పాకే భావాలన్నిటికీ కలిపి కల్పించాడు. తెలుగు మీమ్‌కు ముఖం బ్రహ్మానందం. అత్తిలిలో తెలుగు అధ్యాపకుడిగా పనిచేసి, జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో అరగుండు పాత్రతో 1987లో పేరు తెచ్చుకున్న ఆయన, ‘మనీ’లోని ఖాన్ దాదా మొదలు ‘రేసుగుర్రం’లోని కిల్‌బిల్ పాండే దాకా ధరించిన వేషాల్లో మనిషి ముఖం పలికించగల భావాలన్నీ దాదాపుగా దొరుకుతాయి: నమ్మి మోసపోయినవాడి దిగ్భ్రమ, లేని ధైర్యాన్ని నటించేవాడి బింకం, అవతలివాడి తెలివితక్కువతనానికి తాను సిగ్గుపడే చూపు. తెలుగు రానివారు సైతం ఆ ముఖాన్ని తెచ్చుకొని వాడుకోవడం చూస్తే ఆ నటన ఎంత స్పష్టమైనదో అర్థమవుతుంది.

ఈ పనిలో నేర్పు ఎంపికలో ఉంది. తెలుగు పాఠకుడికి ఆ బొమ్మ ఒక్కటే కనబడదు. ఆ సన్నివేశంలో అంతకుముందు ఏం జరిగిందో, తరువాత ఆ పాత్రకు ఏ గతి పట్టిందో కూడా గుర్తుకొస్తుంది. పన్ను తగ్గిందన్న వార్త కింద సంతోషంగా ఉన్న ముఖం పెట్టినా, మరుక్షణంలో ఆ పాత్ర చెంపదెబ్బ తిన్నదని తెలిసినవాడికి రాబోయేదేమిటో బోధపడుతుంది. అందుకే ఆరితేరినవారు మాటలు తగ్గిస్తారు, బొమ్మను కాస్త ముందే ఆపేస్తారు. సినిమా బొమ్మకు ఇంకొక గుణమూ ఉంది: అది తాను హాస్యమేనని పైకి చెప్పుకుంటుంది, ఎంత దూరం వెళ్ళినా వార్తగా చెలామణి కాదు.

ఎవరి వైపు నుంచి నవ్వుతున్నామన్నది మాత్రం సాధనం తేల్చే విషయం కాదు. 2023 జులైలో టమాటా ధర కిలో 200 రూపాయల దాకా ఎగబాకినప్పుడు, టమాటాలను బంగారంతో పాటు లాకర్లో దాచుకొనే జోకులు, కట్నంలో అడిగే జోకులు తెలుగునాట పోటెత్తాయి. కొద్ది నెలలు తిరగకుండానే ధర పడిపోయి, కోత కూలీ, రవాణా ఖర్చు కూడా రాక పత్తికొండ ప్రాంతపు రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోసినప్పుడు అన్ని సినిమా ముఖాల్లో ఒక్కటీ వారికోసం బయటికి రాలేదు. ఇది హాస్యం చేసేవారి కఠినత్వమని అనడం సబబు కాదు. కొనేవారి చేతిలో ఫోను, తీరిక ఉన్నంతగా అమ్ముకొనేవారి చేతిలో లేవు. అయినా ఈ లోటు నిజమైనది, బాధించవలసినది. ధర పెరగడం మాత్రమే వార్త అన్న భావనను హాస్యం ఇంకా గట్టిపరుస్తున్నది.

దీనికి పూర్తిగా భిన్నమైన మేలైన ఉదాహరణ సరిహద్దు అవతల నుంచి వచ్చింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగినప్పుడు, పాకిస్తాన్‌లో వీధిలో మాట్లాడించిన ఒక సామాన్యుడు, తాము ఇప్పటికే చంద్రుడి మీద ఉన్నామని, అక్కడ నీళ్ళు లేవు, గ్యాస్ లేదు, కరెంటు లేదు, ఇక్కడా అంతేనని వివరించాడు. భారతదేశంలో చాలామంది దీన్ని పొరుగుదేశం తనను తాను తక్కువ చేసుకోవడంగా చూసి సంబరపడ్డారు. ఆ మాట గురి అది కాదు. చంద్రుడి మీద ఏముండదో తెలిసినవాడు, తన ఇంట్లో ఏముండాలో తెలిసినవాడు, ఆ రెంటినీ కలిపి తన పాలకులను నిలదీశాడు, ఎవరినీ కించపరచలేదు. అవధాన సభలో అయితే చప్పట్లు చాలాసేపు మోగేవి.

పాలకులను గురిపెట్టిన హాస్యానికి మన దేశంలో ఎలాంటి మూల్యం చెల్లించవలసి వచ్చిందో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర ఉదంతం చెబుతుంది. 2012లో రైల్వే మంత్రి మార్పుపై, సత్యజిత్ రాయ్ తీసిన ‘సోనార్ కెల్లా’ చిత్రంలోని మాటలను వార్తకు అతికించి ఎవరో తయారుచేసిన వ్యంగ్యచిత్రాన్ని ఆయన ఈమెయిల్‌లో తెలిసినవారికి పంపాడు. తెలుగు కుర్రకారు రోజూ బ్రహ్మానందం బొమ్మతో చేసే పని సరిగ్గా ఇదే. ఆ వ్యంగ్యచిత్రం పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రిని అవమానించినట్లుగా భావించి ఆ ఏప్రిల్‌లో పోలీసులు మహాపాత్రను అరెస్టు చేశారు. ఇతరులకు చిరాకు, అసౌకర్యం కలిగించే సందేశాలను సైతం నేరంగా పరిగణించిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ ఆ కేసులో ఒక ముఖ్యాంశం. భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు శ్రేయా సింఘల్ కేసులో 2015 మార్చి 24న కొట్టివేసింది. మహాపాత్రకు ఆ కేసు నుంచి పూర్తిగా విముక్తి లభించినది 2023 జనవరిలో. అప్పటికి ఆయన అరెస్టయి పదేళ్ళు దాటింది, సెక్షన్ రద్దయి ఏడేళ్ళు దాటింది.