బొగ్గుబాయి పాటలో అడుగు: ధూంధాం భవితవ్యంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సింగరేణి బొగ్గుబెల్టులో 1970ల నుండి రూపుదిద్దుకొని, తెలంగాణ ఉద్యమకాలంలో ధూంధాంగా విస్తరించిన ఆటపాట నేడు ఎక్కువగా స్మరణసభలకు పరిమితమవుతున్నది. దానిని సాహిత్యపాఠంగా చదివిన విమర్శ అందులోని అడుగును పట్టించుకోలేదు. పాతను తలచుకోవడం ఈ కళకు చేటా, బలమా అన్న ప్రశ్నను ఇంగ్లండ్‌లోని ‘నార్తర్న్ సోల్’ నృత్యసంప్రదాయంతో పోల్చి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ధూంధాం, బొగ్గుబెల్టు, గోలేటి, గద్దర్, ఆటపాట, నార్తర్న్ సోల్, గతస్మరణ.

1. ఉపోద్ఘాతం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి కాలరీస్ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. పేరు బెల్లంపల్లిది, కార్యాలయం గోలేటిది. బొగ్గు తరిగినచోటి నుండి ఉన్నచోటికి కంపెనీ జరుగుతూ పోయిన చరిత్ర ఈ చిన్న వ్యత్యాసంలోనే కనిపిస్తుంది. గోలేటి ఇంక్లైన్లు మూతపడ్డాయి. ఇప్పుడు ఏరియా ఉత్పత్తికి ఖైరాగూడ ఓపెన్‌కాస్టు ఆధారం. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు 40 వేల చుట్టూ ఉన్నది.

ఇటువంటి కార్మిక కాలనీలలో ఆటపాట మేడే నాడు వినిపిస్తుంది, డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం నాడు వినిపిస్తుంది, ఒక కళాకారుడు కన్నుమూసినప్పుడు వినిపిస్తుంది. గొంగడి, గజ్జెలు, డప్పు అన్నీ ఉంటాయి. పాడేవారి తలలు నెరిశాయి, వినేవారివీ నెరిశాయి. పాట మాత్రం ఇరవై ఐదేళ్ల వయసులో ఆగిపోయింది. ఈ స్థితిని ‘అంతరించిపోతున్న కళ’ అనే వాడుకమాటతో సరిపెట్టుకోవడం సులువు. అయితే అంతరిస్తున్నదేమిటో ముందుగా తేల్చుకోవాలి.

2. పాఠంగా మిగిలిన పాట

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’తో తెలుగులో పాటల పరిశోధన విశ్వవిద్యాలయ స్థాయిని అందుకొన్నది. ఆ ఒరవడిలో వచ్చిన అనంతర పరిశోధనలు పాటను సేకరించి, వర్గీకరించి, అందులోని సామాజికాంశాలను వివరించాయి. ప్రజా ఉద్యమాల పాటపై వెలువడిన అధ్యయనాలలోనూ అధికభాగం ఇదే దారిలో నడిచాయి. పల్లవిలో పీడన, చరణాలలో కారణం, చివరి చరణంలో పిలుపు: ఇంతవరకు విమర్శ చెప్పగలిగింది. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడు, వంత ఎప్పుడు అందుకుంటుంది, ఏ మాట దగ్గర పాదం నేలను తాకుతుంది అన్న ప్రశ్నలు దాని పరిధిలోకి రాలేదు.

బొగ్గుబెల్టు పాటకు ఈ ప్రశ్నలే ప్రధానమైనవి. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పేరులోనే నాట్యం ఉన్నది. గద్దర్ (1949–2023) పాటను అచ్చులో చదివినవారికి పునరుక్తి ఎక్కువగా కనిపిస్తుంది. వేదికమీద ఆ పునరుక్తి అడుగు తిరగడానికి చోటిస్తుంది. పాదం వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు పడేదాకా మాట కూడా ఆగి ఉండాలి కదా. లక్సెట్టిపేట ప్రాంతపు లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య (1955–2016) రాసిన ‘ఊరు మనదిరా’ బలం కూడా ఇటువంటి చోటనే ఉన్నది. ఆ పాటలోని ఆలోచనను వ్యాసంలో చెప్పవచ్చు. వరుసగా ఒక్కొక్కటిని తనదనుకొంటూ ముందుకు నడిచే ఆ నడకను వ్యాసం ఇవ్వలేదు.

ఈ అడుగు గనిలో పుట్టినది కాదు. కోలాటం నుండి, చిరుతల రామాయణం నుండి, ఒగ్గుడోలు నుండి వచ్చింది. పల్లెల నుండి బాయి పనికి వచ్చినవారు దానిని వెంట తెచ్చుకొన్నారు. గని దానికి గుంపును ఇచ్చింది. కోల్‌ఫిల్లర్లు జట్టుగా బొగ్గు ఎత్తేవారు, ట్రామర్లు జట్టుగా టబ్బులు తోసేవారు. ఒకరి ఊపు మరొకరికి అందకపోతే పని సాగేది కాదు. తక్కువ ఎత్తు కప్పు కింద వంగి పనిచేసిన శరీరం బయట నిటారుగా నిలిచి గొంగడి విసరడంలోని అర్థాన్ని ఏ చరణమూ మాటల్లో చెప్పదు. చెప్పవలసిన అవసరమూ లేదు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపే ఆపరేటరు ఎనిమిది గంటలు క్యాబిన్‌లో ఒంటరిగా కూర్చుంటాడు. వంతపాట బలహీనపడటానికి టీవీని, సెల్‌ఫోన్‌ను నిందించేవారు ఈ మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

3. విగన్ అనే మరో బొగ్గుపట్నం

ఒక బొగ్గుపట్నపు నృత్యం ఆ బొగ్గు అయిపోయిన తరువాత కూడా నిలిచిన ఉదాహరణ ఉన్నది కనుక ఇక్కడ పోలిక అవసరమవుతున్నది. ఉత్తర ఇంగ్లండ్‌లోని విగన్ గనులకు, మిల్లులకు పేరుపడిన ఊరు. అక్కడి ‘విగన్ క్యాసినో’ అనే నృత్యశాలలో 1973 సెప్టెంబరు నుండి 1981 డిసెంబరు వరకు రాత్రంతా నృత్యసభలు సాగాయి. వచ్చేవారిలో అధికులు శ్రామిక కుటుంబాల యువకులు. మద్యం అమ్మేవారు కారు. పాదం జారడానికి నేలమీద టాల్కం పౌడరు చల్లుకొనేవారు. ఆడింది అమెరికాలోని నల్లజాతి గాయకులు 1960ల మధ్యకాలంలో పాడిన సోల్ పాటలకు. ఈ ధోరణికి ‘నార్తర్న్ సోల్’ అనే పేరు పెట్టినవాడు పాత్రికేయుడు డేవ్ గోడిన్.

నృత్యకారులు వెదికినవి అమెరికాలో విజయం సాధించిన పాటలు కావు. అమ్ముడుపోక గోదాములలో మిగిలిన రికార్డులు. ఎవరూ వినని పాత పాటను కనిపెట్టినవాడికి గౌరవం దక్కేది. దాని పేరు ఇతరులకు తెలియకుండా లేబుల్‌మీద కాగితం అంటించేవారు కూడా. పాట పాతదే, చెవికి మాత్రం కొత్తది. ఈ గతస్మరణలో తాము జీవించని గతం కోసం వెదుకులాట ఉన్నది. అదే విగన్‌లో ప్రతి సభ చివర, ఉదయం ఎనిమిదికి ముందు, ఎప్పుడూ అవే మూడు పాటలు వేసేవారు. వెదుకులాట, ఆచారం ఒకే కప్పు కింద ఉండేవి. బ్లాక్‌పూల్ మెక్కాలో ఇయాన్ లెవీన్ వంటివారు 1970ల కొత్త రికార్డుల వైపు మళ్లినప్పుడు సంప్రదాయవాదులతో తగాదా కూడా వచ్చింది. నృత్యశాల మూతపడింది, నృత్యం ఆగలేదు. ఇప్పటికీ అక్కడి సభలలో తొలితరంవారి పక్కన యువకులు ఆడుతున్నారు.

ఈ పోలికకు హద్దులున్నాయి. విగన్‌లో ప్రతివాడూ గుంపులో ఉండి ఒంటరిగా ఆడాడు. అతనికి రికార్డు, నేల ఉంటే చాలు. బొగ్గుబెల్టు ఆటకు పాడే గొంతు, అందుకునే గొంతు రెండూ ప్రాణాలతో ఎదురెదురుగా ఉండాలి. పైగా ఈ పాట వినోదానికి పుట్టలేదు. 1981 నాటి సమ్మె వంటి సందర్భాలలో అది పనిముట్టు. అయినా ఒక పాఠం మిగులుతుంది. గతస్మరణ కళను చంపదు. వెదుకులాట మానేసి చివరి మూడు పాటలనే రాత్రంతా వేసే గతస్మరణ చంపుతుంది.

బొగ్గుబెల్టు స్మరణసభలు ఆ స్థితికి దగ్గరగా ఉన్నాయి. పాడేవి గుప్పెడు పాటలు, అన్నీ రాష్ట్రమంతటా తెలిసినవే. సమ్మెల రోజులలో కరపత్రాలుగా, చిన్న పాటల పుస్తకాలుగా, క్యాసెట్లుగా తిరిగిన స్థానిక పాటలు వేదికకు రావడం లేదు. ఒక గనిలో జరిగిన ప్రమాదంపైన, ఒక షిఫ్టులోని వేధింపుపైన, మస్టరు పడక వెనుదిరిగిన బదిలీ కార్మికునిపైన కట్టిన పాటకు సందర్భం తీరిపోగానే విలువ తీరిందనుకోవడం సరికాదు. వాటిలో నినాదాన్ని చరణాలుగా కోసినవి చాలానే ఉండవచ్చు. అవి పోవడం వల్ల నష్టమూ లేదు. పనిమాటను లయలోకి మలిచిన పాట మాత్రం సందర్భాన్ని దాటి నిలబడుతుంది. ‘సర్దార్’, ‘మస్టరు’, ‘నాగా’ వంటి మాటలు ఏ నిఘంటువులోకన్నా అక్కడే క్షేమంగా ఉంటాయి.

4. వేదిక, వెండితెర, వీధి

2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం ఈ ఆటపాటకు కొత్త ప్రాంగణాన్ని ఇచ్చింది. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పనిని ఆపినప్పుడు, గనిపాట, ప్రాంతపు పాట ఒకటిగా కలిశాయి. రాష్ట్రం వచ్చాక ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథి కళాకారులకు జీతం ఇచ్చింది. ఆకలితో పాడినవారికి అది చిన్న విషయం కాదు. దానిని ఎగతాళి చేసే అర్హత జీతాలు తీసుకొనే విమర్శకులకు అసలే లేదు. కానీ పథకాలను ప్రచారం చేసే పాటలో వంతకు ప్రశ్నించే వీలు ఉండదు. పిలుపు, జవాబు రెండూ ముందే రాసి ఉంటాయి. అందెశ్రీ గీతం 2024లో రాష్ట్రగీతమైంది. అది నిటారుగా నిలబడి పాడవలసిన పాట. ఉద్యమపు పాట పొందగల అత్యున్నత గౌరవం కదలకుండా నిలబడటమే కావడం ఆలోచించదగినది.

2023లో వచ్చిన ‘దసరా’ చిత్రం బొగ్గుబెల్టు ఊరిని, రైలునుండి బొగ్గు దించే యువకులను, దుమ్మును శ్రద్ధగా చూపింది. అందులోని ‘ధూం ధాం దోస్తాన్’ పాటలో అడుగు బలంగానే పడుతుంది. శరీరానికి ఆ నేల గుర్తున్నది. అయితే ‘ధూంధాం’ అనే మాట అక్కడ సభను వదిలి మద్యం చుట్టూ చేరిన దోస్తుల సంబరమైంది. పల్లవిని అందుకునే గుంపు ఉన్నది, గుంపుకు అడగవలసినదేమీ లేదు. ఈ చిత్రణను అబద్ధమని కొట్టివేయలేము. డీజే పెట్టెల ముందు ఇప్పటి కాలనీ యువకులు ఆడుతున్నది దాదాపు ఇదే.

దీనికి భిన్నమైన దారి విమలక్క, అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య నడిపే ‘బహుజన బతుకమ్మ’లో కనిపిస్తుంది. చప్పట్లతో వలయంగా తిరిగే పాత అడుగును అలాగే ఉంచి, పాటలోని మాటను మార్చడం దాని పద్ధతి. స్త్రీలు ఎప్పుడూ మరచిపోని అడుగు కనుక దానిని ఎవరూ కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఊరిలో వినని మాట తెలిసిన అడుగుపై రావడం వల్ల అది విగన్ వెదుకులాటకు అద్దంలో ప్రతిబింబంలా ఉన్నది. బొగ్గుబెల్టు మగవారి ఆటపాట ఇంతవరకు ఈ పని చేయలేదు. మాటను తాకరానిదిగా దాచి, అడుగును జారవిడిచింది.

ఇప్పుడు బొగ్గుబెల్టులో కొత్త పాటకు వస్తువు కాంట్రాక్టు కార్మికుని దగ్గర ఉన్నది. పర్మినెంటు కార్మికుని పక్కనే పనిచేస్తూ తక్కువ కూలికి, క్వార్టరు లేకుండా చుట్టుపక్కల ఊళ్లలో ఉండే అతనికి స్మరణసభ ఆహ్వానం అందదు. గోలేటి వంటి చోట ఆటపాట భవితవ్యాన్ని పరిశోధించేవారు మొదట రిటైరైన గాయకుల దగ్గర పాటలతోబాటు అడుగులను, ఊపిరి విడుపులను, వంత అందుకునే తావులను వీడియోలో నమోదు చేయాలి. ఆ నమోదును విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచడానికి ముందే, షిఫ్టు దిగి వచ్చే కాంట్రాక్టు కార్మికులకు వినిపించి, వారు ఏ చరణం దగ్గర కాలు కదుపుతారో గమనించాలి.