బొగ్గుబాయి – గ్యాస్ బావి: గని గ్రామాల నిత్యజీవన జ్ఞాపకాలు

తెలంగాణలో గనిని ‘బాయి’ అంటారు. నీళ్లు తోడుకునే బావికీ బొగ్గు తవ్వే గనికీ అక్కడ ఒకటే మాట. కోనసీమలో సహజవాయువు కోసం వేసిన రంధ్రాన్ని కూడా పత్రికలు ‘బావి’ అనే రాశాయి. ఒకే పదం రెండు ప్రాంతాలలో రెండు విభిన్న అనుభవాలను మోస్తున్నది. బాయిలోకి మనిషి దిగుతాడు. గ్యాస్ బావిలోకి ఎవరూ దిగరు. సింగరేణి నుంచి విస్తారమైన గని సాహిత్యం రావడానికీ, 1980ల నుంచి గ్యాస్ బావుల నడుమ బతుకుతున్న కోనసీమ నుంచి అంతటి సాహిత్యం రాకపోవడానికీ మూలం ఈ భేదంలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1889 నాటికి తవ్వకం మొదలైంది. ఆ తరువాతి శతాబ్దంలో ఏర్పడిన కార్మిక సమాజం నుంచి, దాని పరిసరాల నుంచి అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితలు వచ్చారు. విమర్శకులు ఈ సాహిత్యాన్ని ప్రధానంగా పోరాట సాహిత్యంగానే చదివారు. అది అన్యాయం కాదు గాని, అసంపూర్ణం. సమ్మె అరుదుగా వస్తుంది. షిఫ్టు రోజూ వస్తుంది. సైరన్‌ను బట్టి పొయ్యి వెలిగే వేళ మారడం, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి నిద్ర చెడకుండా పిల్లలు పగలంతా గుసగుసగా మాట్లాడుకోవడం, ఎంత తోమినా గోళ్ల సందున మిగిలే నలుపు – సమ్మెకు అర్థం వచ్చేది ఈ దైనందిన జీవితం నుంచే. నేడు ఇల్లందు, బెల్లంపల్లి ప్రాంతాలలో భూగర్భ గనులు మూతపడ్డాయి. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య సగానికన్నా తక్కువకు పడిపోయింది. ఓపెన్‌కాస్ట్ తవ్వకాలు ఊళ్లనే తొలగించాయి. అయినా సైరన్ ఆగకముందే దానిని విన్నవారు రాసి ఉంచారు కనుక ఆ జ్ఞాపకానికి ఆధారం ఉన్నది.

కోనసీమలో అలా జరగలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో బ్లోఅవుట్ సంభవించింది. ఆ మంట 65 రోజులు మండి మార్చి 15న అదుపులోకి వచ్చింది. రెండు నెలలకు పైగా దేవర్లంక, ఆ చుట్టుపక్కల గ్రామాల జీవనం ఆ మంట వెలుగులోనే సాగింది. ఇంత దీర్ఘమైన అనుభవం కథా వస్తువుగా ఎందుకు స్థిరపడలేదు? మరుసటి ఏడాది నవంబరు 6న వచ్చిన తుఫాను దీనిని కప్పివేసిందన్నది ఒక సమాధానం. ఇందులో కొంత నిజమున్నది. తుఫానును చెప్పడానికి తెలుగు కథకు అలవాటైన భాష ఉన్నది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ 1952లోనే ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందింది. నేల నుంచి ఎగసే మంటకు అటువంటి సంప్రదాయం లేదు.

అయితే అసలు కారణం శ్రమ సంబంధం లేకపోవడం. కోనసీమ శ్రామికుడి పని కొబ్బరి దింపు, ఒలుపు, లంక సాగు. రిగ్గు పనివారు చాలావరకు బయటి నుంచి వస్తారు, తవ్వుతారు, వెళతారు. చివరకు కంచె మధ్య కొన్ని కవాటాల గొట్టం మిగులుతుంది. (ఇంజనీర్లు దానిని ‘క్రిస్మస్ ట్రీ’ అంటారు, కొబ్బరితోటలో ఆ పేరు వింతగానే ఉంటుంది.) ఊరివారికి ఆ బావితో ఉన్నది పొరుగు సంబంధం మాత్రమే. పొరుగువాడికి సైరన్ లేదు, సంఘం లేదు, పనిముట్ల పేర్లు లేవు. పదజాలం లేనిచోట కథనం పుట్టడం కష్టం. దీనికి తోడు సినిమాలు, పర్యాటక ప్రకటనలు స్థిరపరచిన పచ్చని కోనసీమ చిత్రంలో పైపులైనుకు చోటు లేదు. ఆ చిత్రాన్ని ప్రశ్నించకుండా ‘ప్రాంతీయ సౌందర్యం’గా పాఠాలు చెప్పిన మనకూ ఇందులో వాటా ఉన్నది.

2014 జూన్ 27 వేకువన మామిడికుదురు మండలం నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. ఈ ఘటనను సింగరేణి కథా నమూనాలో చెప్పడానికి ప్రయత్నిస్తే నమూనాయే విఫలమవుతుంది. గని ప్రమాదం పనిచోట జరుగుతుంది. ఇల్లు గేటు దగ్గర ఎదురుచూస్తుంది. కథలోని ఉత్కంఠ ఆ ఎదురుచూపులోనే ఉంటుంది. నగరంలో ఇల్లే ప్రమాదస్థలం. ఎదురుచూసేవారూ దగ్ధమైనవారూ ఒక్కరే. గ్యాస్ వాసన గురించి ముందే చెప్పామని స్థానికులు అన్నట్టు ఆనాటి వార్తలలో పదేపదే వచ్చింది. ప్రమాదానికి స్పందనగా వెలువడే కవిత మంటతో మొదలై మంటతో ముగుస్తుంది. నిత్యజీవన కథనం ఆ వాసనతో మొదలు కావాలి: దానిని పసిగట్టినా మరునాడు యథావిధిగా పొయ్యి వెలిగించుకోవలసిన జీవనంతో.

ఆ కథనానికి ముడిసరుకు ఎక్కడున్నదన్నది పరిశోధకులు తేల్చవలసిన విషయం. మౌఖిక కథనాలతో పాటు పరిహారం కాగితాలను కూడా సాహిత్య విద్యార్థులు చదవాలని నా అభిప్రాయం. సింగరేణి కథకుడికి మస్టరు ఎటువంటిదో, కోనసీమ కథకుడికి చెట్ల లెక్క అటువంటిది. కాలిన ఇంటి పక్కన కాపు కాసే కొబ్బరిచెట్లు ఎన్ని, ఇంకా కాపుకు రానివి ఎన్ని, వాటిని నాటినది ఎవరు అని అడగడం మొదలుపెడితే మనుషులు వాటి వెంటే మాటలోకి వస్తారు.