కణకణలాడే నిప్పుల మీద

బొగ్గుల కుంపటి ముందు కొత్తగా కూర్చున్నవాళ్లకు తొందర ఎక్కువ. మంట లేచిందంటే చాలు, వంట మొదలైపోయిందనుకుంటారు. వంకాయో, మాంసం ముక్కో తెచ్చి దాని మీద పెట్టేస్తారు. పైన మసి పడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది, నోట్లో పెట్టుకుంటే పొగచూరిన చేదు. చేయి తిరిగినవాళ్లు ఆ మంటను అసలు పట్టించుకోరు. అది లేచి, ఆడి, అణిగి, బొగ్గుల మీద తెల్లటి నివురు పరుచుకునేదాకా ఉల్లిపాయలు తరుగుతూ, చింతపండు పిసుకుతూ కూర్చుంటారు. మంట తగ్గాక మిగిలే వేడిని చేతికి లొంగదీసుకుని దానితో వండటమే ఈ విద్య. నిప్పుల వంట రుచి అంతా ఆ ఓపికలోంచే వస్తుంది.

గ్యాసు పొయ్యిలు రాకముందు మన పట్నాల్లో కుంపటి లేని ఇల్లు అరుదు. కట్టెల పొయ్యి వంటింట్లో కదలకుండా ఉంటే, కుంపటి మాత్రం మనుషులు ఎక్కడుంటే అక్కడికి వచ్చేది. పొద్దున్నే కాఫీకి వసారాలో, మధ్యాహ్నం అప్పడాలు కాల్చడానికి పెరట్లో, పసిపిల్లకు నీళ్లు పోశాక సాంబ్రాణికి నాలుగు నిప్పులు ఇవ్వడానికి గదిగుమ్మం దగ్గర. ఇప్పుడది ఇళ్లలోంచి చాలావరకు వెళ్లిపోయింది. వానాకాలం మొక్కజొన్న బండ్ల మీద, హైదరాబాద్ పాతబస్తీ కబాబుల దుకాణాల ముందు, ఇస్త్రీ బండి పక్కన ఇంకా కణకణలాడుతూనే ఉంది. దాన్ని మళ్లీ మన డాబా మీదికీ, తోటలోకీ తెచ్చుకోవాలన్నదే నా కోరిక. అందుకు దాని పనితనం తెలియాలి.

కుంపటిలో ఏముంది?

మట్టిదైనా ఇనపదైనా కుంపటి కట్టుబడి ఒక్కటే. పైన విప్పారిన నోరు, అంచు మీద గిన్నె ఆనడానికి మూడు బొడిపెలు, నడుమ ఇనప ఊచల జల్లెడ, దాని కింద చిన్న కిటికీ. బొగ్గులు ఊచల మీద ఉంటాయి. అవి కాలే కొద్దీ వేడిగాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి కింది కిటికీ గుండా కొత్త గాలి వస్తుంది. బూడిద ఊచల సందుల్లోంచి కిందికి రాలిపోయి గాలికి దారి వదులుతుంది. వేడి పెంచాలంటే కిటికీని గాలివాటుకు తిప్పి పెడితే చాలు. తగ్గించాలంటే కిటికీకి అడ్డంగా ఓ పెంకు పెడితే సరి. గ్యాసు పొయ్యికి మీట చేసే పనిని ఇక్కడ ఆ పెంకు చేస్తుంది.

పాత ఇనప బకెట్టుకు కిటికీ కోయించి, లోపల మట్టి మెత్తి చేసుకునే కుంపట్లూ ఉన్నాయి. ఆ మట్టి పూత వేడిని పట్టి ఉంచుతుంది, ఇనుమును కాలిపోనివ్వదు. జపాన్‌వాళ్లకు 'షిచిరిన్' అనే చిన్న కుంపటి ఉంది. వేడిని బయటికి పోనివ్వని డయాటమైట్ మట్టితో చేస్తారు కాబట్టి గుప్పెడు బొగ్గులతోనే చేపలు కాలిపోతాయి. అమెరికా కథ వేరు. 1952లో షికాగో ప్రాంతంలో, వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, అక్కడ తయారయ్యే లోహపు బోయాను రెండుగా కోసి, కింది సగంలో బొగ్గులు పోసి, పై సగాన్ని మూతగా పెట్టాడు. గాలీ వానా లోపలికి రాకుండా, వేడీ పొగా లోపలే తిరిగేలా చేసింది ఆ మూతే. మన పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వేసవి శనివారాల్లో పార్కుకు మోసుకెళ్లే చిన్న గుండ్రటి గ్రిల్లు ఆ వంశంలోదే. దాని అడుగున ఉన్న గాలి రంధ్రాన్ని చూస్తే, కుంపటి కిటికీ చేసే పనే అది చేస్తోందని తెలిసిపోతుంది.

బొగ్గు మంచిదైతే సగం వంట అయినట్టే

కట్టె మంటతో కాలడానికి కారణం వేడికి దానిలోంచి విడుదలయ్యే వాయువులు. బొగ్గుల బట్టీలో కట్టెల్ని పేర్చి, ఆకులూ మట్టీ కప్పి, గాలి ఆడీ ఆడనట్టు రోజుల తరబడి మగ్గబెడతారు. కట్టెలోని తేమా ఆ వాయువులూ అక్కడే పోతాయి. బట్టీలోంచి మొదట చిక్కటి తెల్ల పొగ వస్తుంది. అది పలచబడి నీలంగా మారాక బట్టీవాళ్లు కన్నాలన్నీ మూసేస్తారు. మిగిలేది చాలావరకు కార్బన్. బరువులో కట్టెకు నాలుగో వంతు, ఐదో వంతు మాత్రమే బొగ్గు దక్కుతుంది. కానీ కిలోకు ఇచ్చే వేడి ఎండు కట్టెకు దాదాపు రెట్టింపు.

మన దగ్గర దొరికే బొగ్గులో ఎక్కువ భాగం సర్కారు తుమ్మది. మెట్ట భూముల్ని ఆక్రమించేసిందని రైతులు తిట్టుకునే ఈ చెట్టు మనది కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1870ల్లో మద్రాసు అటవీశాఖ దీని విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది. ఎంత కరువులోనైనా పెరిగే ఈ ముళ్ల చెట్టు కట్టె గట్టిది. అందుకే దాని బొగ్గు నిదానంగా, ఎక్కువసేపు కాలుతుంది. కోస్తాలో సరుగుడు బొగ్గూ దొరుకుతుంది.

కొనేటప్పుడు రెండు ముక్కలు తీసుకుని ఒకదానికొకటి తట్టి చూడండి. బాగా కాలిన బొగ్గు ఖంగుమంటుంది, విరిస్తే లోపల మెరుస్తుంది. డొల్లగా, గోధుమరంగు చారలతో ఉంటే అది సగం కట్టె. అంటించగానే పొగ చిమ్ముతుంది, ఆ పొగ వాసన తినేదానికి పడుతుంది. బొగ్గు పొడిని పిండితో కలిపి అచ్చుపోసిన బిళ్లలూ దొరుకుతాయి. వాటిని అమెరికాలో ఇంటింటికీ చేర్చినవాడు కార్ల హెన్రీ ఫోర్డే. మోడల్ టి కార్ల చెక్క భాగాలు కోయగా మిగిలిన తుక్కును పారేయడం ఇష్టంలేక, 1920ల్లో మిషిగన్‌లో ఆ పని మొదలుపెట్టాడు. ఆ బిళ్లలు ఒకే తీరుగా ఎక్కువసేపు కాలుతాయి, బూడిద మాత్రం ఎక్కువ.

రాజేయడం, ఆగడం

కిరసనాయిలు జోలికి పోవద్దు. ఆ కంపు వంకాయ తొక్క దాటి లోపలికి దిగుతుంది. ఊచల మీద కొబ్బరి పీచు, దాని మీద రెండు కొబ్బరి చిప్పలు, పైన చిన్న బొగ్గులు, ఆపైన పెద్దవి గోపురంలా పేర్చాలి. ముద్దకర్పూరం ముక్క ఒకటి వెలిగించి పీచులో పెడితే చిప్పలు అంటుకుంటాయి, వాటి మంటకు బొగ్గులు రాజుకుంటాయి. విసనకర్రతో కింది కిటికీ దగ్గర విసరాలి. పైనుంచి విసిరితే బూడిద కళ్లల్లో పడటం తప్ప ఫలం లేదు.

పది నిమిషాలకు అంచులు ఎర్రబడతాయి. ఇరవై నిమిషాలకు మంటలు సద్దుమణిగి, ఎర్రటి బొగ్గు మీద బూడిద పొర తేలుతుంది. వంటకు అదే అదను. కణకణలాడే బొగ్గు వేడి 700 డిగ్రీల పైమాటే. ఆ వేడిలో చాలా భాగం కిరణాల రూపంలో నేరుగా వచ్చి తగులుతుంది. నివురు పొర దాన్ని కాస్త నెమ్మదింపజేసి, అన్నివైపులా సమంగా పంచుతుంది.

వేడిని కొలవడానికి అరచెయ్యి చాలు. నిప్పులకు జానెడు ఎత్తున అరచెయ్యి పట్టి నిదానంగా లెక్కపెట్టండి. మూడు లోపే లాగేసుకున్నారంటే అది పలచటి ముక్కలకూ, పొత్తులకూ తగిన వేడి. ఐదుదాకా ఆగగలిగితే చేపకూ కోడిమాంసానికీ సరి. ఎనిమిదీ పదీ దాటితే చిలగడదుంపల్ని నివురులో పాతిపెట్టే వేళైందని అర్థం. బొగ్గుల్ని ఎప్పుడూ కుంపటి నిండా పరచకూడదు. ఒక పక్కకు ఎక్కువ, ఇంకో పక్కకు తక్కువ తోసి ఉంచితే మాడబోయేదాన్ని అటు జరుపుకోవచ్చు.

నిప్పుల మీద వంకాయ

ఈ విద్యకు మొదటి పాఠం వంకాయ. పెద్ద గుండ్రటి వంకాయ తీసుకుని, తొడిమ ఉంచేసి, నూనె రాసి, నాలుగు గాట్లు పెట్టి నేరుగా నిప్పుల మీదే పెట్టాలి. ముందు తొక్క మెరుస్తుంది, తర్వాత బుడగలు లేస్తాయి, ఆపైన నల్లగా పెళుసెక్కుతుంది. గాట్లలోంచి సన్నగా ఆవిరి కూత వేస్తుంది. అంతా మాడిపోయిందనిపిస్తుంది కానీ మాడేది తొక్క ఒక్కటే. అది కవచంలా నిలిచి, లోపలి గుజ్జు తన నీటిలో తనే ఉడికేలా చేస్తుంది. తొడిమ పట్టుకు లేపితే కాయ మెత్తగా వేలాడాలి. అప్పుడు తీసి గిన్నెలో వేసి మూత పెడితే, ఐదు నిమిషాల్లో తొక్క దానంతటదే ఊడి వస్తుంది. నీళ్ల కింద పెట్టి కడగొద్దు. ఇంతసేపూ కూర్చుని సంపాదించిన వాసన ఆ నీళ్లతో పోతుంది. తొక్క తీస్తూ అవే నిప్పుల మీద నాలుగు పచ్చిమిరపకాయలు కాల్చుకోండి. ఉప్పు, చింతపండు రసం, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో కలిపి చేత్తో మెదిపి, ఆవాలూ ఇంగువా పోపు పెడితే పచ్చడి సిద్ధం. తెలంగాణ పచ్చిపులుసుకూ అలా కాల్చిన మిరపకాయే ప్రాణం.

ఈ రుచి ఉడకబెడితే ఎందుకు రాదు? నీళ్లున్న గిన్నె వేడి 100 డిగ్రీలు దాటదు. 140 డిగ్రీలు దాటిన చోట మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమరంగుకు తిరిగి, కొత్త వాసనలు ఎన్నో పుట్టిస్తాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ వివరించిన చర్య ఇది. నిప్పుల మీద ముక్క పైతలం క్షణాల్లో ఆరి, ఆ వేడిని అందుకుంటుంది.

పొత్తులు, ముక్కలు, చేపలు

ట్యాంక్‌బండ్ మీద పొత్తులు కాల్చే అమ్మ చేతులు చూడండి. గింజ మీద గోరు నొక్కి చూస్తుంది. పాలు చిమ్మితే లేత, చిమ్మకపోతే పక్కన పెడుతుంది. పొట్టును వెనక్కి ఒలిచి దాన్నే పిడిగా పట్టుకుంటుంది. పొత్తును నిప్పుల మీద పెట్టి, పావు వంతు తిప్పి, విసిరి, మళ్లీ పావు వంతు తిప్పుతుంది. గింజలు చిటపటమంటాయి. మనం చెయ్యి చాపితే "జర ఆగు బిడ్డా, ఈ దిక్కు కాలలే" అంటుంది. అలా నాలుగు వైపులా కాలాకే ఉప్పూ కారం అద్దిన నిమ్మచెక్కతో రుద్ది చేతికిస్తుంది. ఆ ఆఖరి వైపు కాలేదాకా ఆగడమే ఆమె పనితనం.

పాతబస్తీలో రంజాన్ రాత్రులు సీకులు కాల్చే చోట చూస్తే, సన్నటి పొడుగాటి ఇనప తొట్టి నిండా నిప్పులుంటాయి. పైన జల్లెడ ఉండదు. సీకులు ఈ అంచు మీంచి ఆ అంచు మీదికి ఆనుతాయి. మాంసానికీ నిప్పుకూ మధ్య గాలి తప్ప ఏమీ లేదు కాబట్టి ఎక్కడా అంటుకోదు, అన్నివైపులా సమంగా కాలుతుంది. ఖీమా కబాబుకు బల్లపరుపు సీకే వాడతారు. గుండ్రటిది తిప్పితే సీకు తిరుగుతుంది కానీ కబాబు తిరగదు. బోటీ ముక్కలు మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు. అందులోని పపైన్ మాంసం పోగుల్ని విడదీస్తుంది, ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండైపోతుంది. పత్తర్ కా గోష్త్‌కు నిప్పుల మీద రాతి పలక పెడతారు. రాయి ఆలస్యంగా వేడెక్కినా, ఎక్కినాక పలచటి ముక్కలు ఎన్ని వేసినా చల్లారదు.

చేపకు సూత్రం ఒక్కటే. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, బాగా వేడెక్కి నూనె రాసిన ఊచల మీద పెట్టి, ఇక ముట్టుకోకూడదు. తోలు కాలితే అదే ఊచల్ని వదిలేస్తుంది. ముందే కదిపితే తోలు ఊచలకే మిగిలిపోతుంది.

నిప్పుతో జాగ్రత్త

కుంపటి ఆరుబయట వస్తువు. కాలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన దేశంలో ఎందరో. వాన పడినా సరే గదిలోకి, కారులోకి, గుడారంలోకి తేవద్దు. కొవ్వు కారి మంట లేస్తే ముక్కను వెంటనే పక్కకు జరపాలి, నల్లగా మాడిన భాగం కోసి పారేయాలి. ఆ మాడులోనూ ఆ పొగలోనూ ఒంటికి చేటు చేసేవి ఉంటాయి. అయిపోయాక నివురు చూసి ఆరిపోయిందనుకోవద్దు. దాని కింద గంటల తరబడి నిప్పు బతికే ఉంటుంది. ఇసుకో నీళ్లో పోసి, కెలికి, మళ్లీ పోయాలి. సగం కాలిన బొగ్గుల్ని మూత బిగించిన డబ్బాలో వేస్తే గాలాడక ఆరిపోతాయి, రేపటికి పనికొస్తాయి.

ఎందుకింత శ్రమ?

మీట తిప్పితే పొయ్యి వెలిగే రోజుల్లో ఇదంతా ఎందుకనిపించవచ్చు. రోజూ వంటకు గ్యాసే మేలు. పొగకు కళ్లు పోగొట్టుకున్న మన అమ్మమ్మల తరం కష్టం మళ్లీ ఎవరికీ రాకూడదు. కానీ నెలకో సాయంత్రం, ఇష్టంగా, ఆరుబయట కుంపటి ముట్టించడం వేరు. అక్కడ వండేవాళ్లు వంటింట్లో ఒంటరిగా ఉండరు. నిప్పులు రాజుకునే ఆ ఇరవై నిమిషాలూ చుట్టూ మాటలు నడుస్తాయి. ఒకరు విసురుతారు, ఒకరు ఒలుస్తారు, పిల్లలు ఎంత దూరంలో ఉండాలో నేర్చుకుంటారు. కాలినవి కాలినట్టు, ఒక్కొక్కటే చేతుల్లోకి వస్తాయి. వడ్డించేవాళ్లు చివర తినాల్సిన అవసరం లేని భోజనం ఇది.

ఈ కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు వెళ్లేటప్పుడు పులిహోర డబ్బాల పక్కన ఓ మట్టి కుంపటి, రెండు కిలోల బొగ్గు, నాలుగు వంకాయలు కూడా పెట్టుకోండి. పిల్లల్లో పెద్దవాళ్లకు విసనకర్ర ఇచ్చి, నివురు తేలేదాకా ఏమీ పెట్టొద్దని చెప్పండి. పచ్చడి కలపడం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నిప్పు ఎప్పుడు సిద్ధమైందో గుర్తుపట్టడం మాత్రం పెద్దవాళ్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది. అది మన తరంతో ఆగిపోకూడదు.