నాయిన ఇవ్వని ఆరె

పోయిన సోమవారం పొద్దున్నే ఒక పిల్ల ఫోన్ చేసింది. గద్వాలలో మగ్గాల ఇంటి పిల్ల, హైదరాబాదులో డిజైన్ చదువుతోంది. "సార్, తోలు చెప్పులు మొదటి నుంచి చివరి దాకా చేయడం నేర్చుకోవాలి. మన దిక్కు నేర్పేవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగింది.

సంతోషపడాల్సిన మాట. నాకు కోపం వచ్చింది. ఆ కోపం రెండు రోజులు దిగలేదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టుదలలన్నీ తెలుసు. రబ్బరు చెప్పులంటే పడదు. బడిలో వారానికి ఒక గంటైనా చేతిపని ఉండాలంటాను. మా వాడల్లో పెద్దవాళ్లు విద్యను తమతోనే పూడ్చిపెట్టుకుని పోతున్నారని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అన్ని రాతలకూ మా వాడ నుంచి ఒక్క పిల్లవాడు ఫోన్ చేయలేదు. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా కంపెనీ వేదిక మీద కొల్హాపురిని పోలిన చెప్పులు నడిచాయి. మనవాళ్లు గగ్గోలు పెట్టాక అవి భారతీయ చేతిపని చెప్పుల స్ఫూర్తితో చేసినవేనని ఆ కంపెనీ ఒప్పుకుంది. ఆ వార్త చదివాక ఈ పిల్లకు ఆశ పుట్టిందట. మిలాన్ చెబితే గానీ మన కాలి కింది తోలు మనకు కనపడదా అన్నది నా బాధ.

అయినా వెతికాను. జిల్లాలు 2016 దసరాకు విడిపోయాయి గానీ నా మనసులో అన్నీ కలిసి పాలమూరే. నాగర్‌కర్నూలులో ఇద్దరు, వనపర్తిలో ఒకరు కనిపించారు. ముగ్గురూ బస్టాండు పక్కన పెట్టె పెట్టుకుని తెగిన చెప్పులు కుడతారు. అట్ట, పైతోలు, బకిలీ అన్నీ కొని తెస్తారు. పచ్చితోలు ముట్టి చాలా ఏళ్లయిందన్నారు. ఒకాయన అయితే, "తోలు చెప్పు ఎవరు దొడుగుతరు సారూ, అతికించుడే పని" అని బంక డబ్బా చూపించాడు.

చివరికి గద్వాలలో ఒక మామ ఉన్నాడని గుర్తుకొచ్చింది. మా నాయినకు జతగాడు. ఎనభై దాటినవాడు. పిల్లను వెంటబెట్టుకుని పోవాలనుకుని, పనికొస్తుందేమోనని మా నాయిన పెట్టెను అటక మీద నుంచి దింపాను.

ఆ పెట్టెలో ఏముంటాయో మీకు చెప్పే ఉన్నాను. తోలు కోసే రంపె. కొన దగ్గర చిన్న కొక్కెం ఉన్న ఆరె. చింతకర్ర గూటం. మైనం ముద్ద. దారపు ఉండ. కొలత పుల్లలు కొన్ని. ఊళ్లో ఎవరి పాదం ఎంతో ఆ పుల్లలకు తెలుసు. పటేలు పాదం పుల్ల మీద మూడు గాట్లు ఉండేవి, ఆయనకు ఏటా జత ఇచ్చుకోవాలి, అడగకుండా. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు ఆ చెప్పులు చేసిన మా తాత తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవాడు.

మా ఊరి బయట తోలు పదును చేసే లంద ఉండేది. చూసినవాళ్లు తగ్గిపోయారు గనుక కొంచెం విడమరిచి చెబుతాను. పచ్చితోలును ముందు సున్నం నీళ్లలో వేస్తారు. వెంట్రుక కుదుళ్లు వదులవుతాయి. గీకి, లోపలి వైపు అంటుకున్న మాంసం చీరి, సున్నం పోయేదాకా కడుగుతారు. ఆ తరవాత తంగేడు చెక్క. ఎండబెట్టి దంచిన చెక్కను నీళ్లలో వేస్తే ఎర్రటి రసం దిగుతుంది. తోలు అందులో రోజుల తరబడి నానాలి. తరవాత దాన్ని సంచిలా కుట్టి, లోపల దంచిన చెక్క కూరి, నీళ్లు పోసి చెట్టు కొమ్మకు కడతారు. తోలు గుండా చుక్క చుక్కగా కారిన నీళ్లను కింద పట్టి మళ్లీ పైన పోస్తారు. చెక్కలోని వగరు, అదే టానిన్, తోలులోని మాంసకృత్తులను పట్టుకుని ఇక కుళ్లనివ్వదు. నల్లమల నుంచి కరక్కాయ దొరికితే అదీ కలిపేవాళ్లు. చెక్క దంచడం మా అమ్మ పని. ఆమె అరచేతులు కడదాకా గోరింటాకు పెట్టినట్టే ఉండేవి. ఆ రంగు చూసి బస్సులో పక్కకు జరిగినవాళ్లను నేను చూశాను.

అదే తంగేడు ఇప్పుడు మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు మొదటి వరస అదే. ఇంగ్లీషులో దాన్ని టానర్స్ కాసియా అంటారు, తోలు పదును చేసేవాళ్ల చెట్టు అని. పువ్వుకు దక్కిన పీట చెక్కకు దక్కలేదు. ఈ మాట ఇదివరకు రాశాను. మళ్లీ రాస్తాను.

డప్పుకు మాత్రం లంద అక్కరలేదు. వెంట్రుక తీసిన పచ్చితోలునే పలకకు బిగిస్తారు. తంగేడు తాగిన తోలు మోగదు. ఏ తోలు మోగాలో, ఏది మొయ్యాలో, ఏది నీళ్లు పట్టాలో మా నాయినకు వేలితో నొక్కితే తెలిసేది. మోట తొండం కుట్టడంలో ఆయనకు చుట్టుపక్కల ఆరేడు ఊళ్లలో పేరు. ఎద్దులు దిగువకు లాగుతుంటే బావిలో నుంచి నిండుగా పైకొచ్చే ఆ తోలు తొండం ఒక్క చుక్క కారినా ఆయనకు అన్నం సహించేది కాదు. కల్లాల మీద మేర, పంటలో మా వంతు, దొరికేది దాని పుణ్యమే. కరెంటు మోటార్లు వచ్చాయి, మోటలు పోయాయి, మేర పోయింది.

ఇప్పుడు నా సంగతి. ఐదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం నాయిన లేనప్పుడు పెట్టె తెరిచాను. మా చిన్నాయిన కొడుకు చెప్పు వారు తెగింది. దారానికి మైనం పట్టించి, ఆరెతో పొడిచి, ఒకే బెజ్జంలో రెండు వైపుల నుంచీ దారం తీసి, తొమ్మిది కుట్లు వేశాను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి చేతికి వచ్చింది. సాయంత్రం నాయిన ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. కుట్టు మీద బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు. మళ్లీ జరిపాడు. ఏమీ అనలేదు. పెట్టెకు తాళం వేశాడు. మరునాడు తెల్లవారక ముందే నన్ను లేపి, నడిపించుకుంటూ వనపర్తి తీసుకుపోయి హాస్టల్లో చేర్చాడు.

సెలవుల్లో వచ్చినప్పుడల్లా నేర్పమని అడిగేవాణ్ని. "సదువుకో" అనేవాడు. ఉద్యోగం వచ్చాక అడిగాను. "ఇంకేంటికి నీకు?" అన్నాడు. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, పోనీ చెప్పన్నా చెప్పు, రాసుకుంటానన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. విద్య దాచుకున్నాడన్న కష్టం నాకు ఇన్నేళ్లూ పోలేదు. ఈ కాలమ్‌లో పెద్దవాళ్లను తప్పుపడుతూ రాసినవన్నీ ఆ కష్టంలో నుంచి వచ్చినవే.

విద్యను దాచకుండా అప్పగించేచోటు పాలమూరులో ఒకటుందని నేను పదే పదే చూపేది కురుమూర్తిని. కార్తీకంలో జాతర. జిల్లాల గీతలు మారాక కొండ మహబూబ్‌నగర్‌లో ఉండిపోయింది గానీ, వనపర్తి వైపు ఊళ్లన్నీ జాతరకు అక్కడే ఉంటాయి. స్వామికి నగలు ఆత్మకూరు నుంచి పోతాయి, చెప్పులు వడ్డెమాన్ నుంచి పోతాయి. ఆ చెప్పులను ఉద్దాలంటాం. వాటిని తోలుతో చేసేది దళిత కుటుంబాల వాళ్లు, ఉపవాసాలుండి, నియమంగా. ఊరేగింపుగా కొండకు చేరాక జనం ఆ ఉద్దాలను నెత్తికి తాకించుకోవడానికి తోసుకుంటారు. చిన్నప్పుడు నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. చెప్పును నెత్తిన పెట్టుకునే పండుగ ఇంకెక్కడుంది? గౌరవం ఉన్నచోట విద్య నిలుస్తుందని దాన్నే ఉదాహరణగా రాశాను.

ఆ రాతలో ఒకటి వదిలేశాను. ఆ రాత్రి తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక ఊళ్లో నాయిన హోటలు బయటే ఆగి, నేల మీద పెట్టిన వేరే గ్లాసులో చాయ్ తాగాడు. నెత్తికి ఉద్దాలు తాకించుకున్నవాళ్లు లోపల బెంచీల మీద ఉన్నారు.

బుధవారం బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి మీదుగా గద్వాల పోయాం. మామ ఇల్లు కోటకు కొంచెం ఎడంగా. నేను వంగి పలకరించాను. పిల్ల విషయం చెప్పాను. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "ఎవరి బిడ్డవమ్మా?" అన్నాడు. చెప్పింది. "చీరలు నేసెటోళ్ల పిల్లవు. నీకీ తోలెందుకు?"

"చేతితో చేసేది ఇంకొకటి నేర్చుకోవాలనుంది తాతా."

ఆయన నవ్వాడు. నేను మధ్యలో దూరి నా పాత కష్టం ఎత్తుకున్నాను. "మామా, నీ కొడుకులకు నేర్పలేదు. మా నాయిన నాకు నేర్పలేదు. ఇప్పుడు బయటి పిల్ల వచ్చి అడిగే రోజు వచ్చె." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెప్పిన మాట ఇది:

"మేమిద్దరం అనుకున్నం రా. లందకాడ కూసోని అనుకున్నం. మనతోటే ఆపుదమని. చేతికి వచ్చెనంటే ఊరు ఇడ్సిపెట్టదు. నీ కుట్టు మీ నాయిన నా కాడికి తెచ్చి చూపిచ్చిండు. ఇద్దరం చూసినం. శాన బాగుండె. ఆ రాత్రి మీ నాయిన నిద్ర పోలే."

యాభై ఏళ్లు నేను మొండితనం అనుకున్నది ఇద్దరు పనివాళ్లు కూర్చుని తీసుకున్న నిర్ణయం. నాయిన చేతిలో ఉన్నది ఒక్కటే బలం: ఇవ్వకపోవడం. ఆ తొమ్మిది కుట్లు వంకరగా వచ్చి ఉంటే నన్ను ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచుకునేవాడేమో. అంబేద్కర్ 1927లో మహాడ్‌లో చచ్చిన పశువుల మాంసం మానేయమని చెప్పాడని నేను పుస్తకాల్లో చదివాను. మా నాయిన ఏ పుస్తకమూ చదవలేదు, ఆ దారిన తనంతట తానే నడిచాడు. నేను చదువుకున్నవాణ్ని గనుక ఆయన్ను తప్పుపడుతూ రాశాను.

తోలును తామే ఎంచుకుని పట్టినవాళ్లూ ఉన్నారు. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ రైతు బిడ్డ. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో తోలు శాస్త్రం చదివి, 1958 నుంచి మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు. తోలు ఆయనకు ఎంచుకున్న చదువు. గాంధీ దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టడం కాలెన్‌బాక్ దగ్గర నేర్చుకున్నాడు, కాలెన్‌బాక్ ట్రాపిస్టు సన్యాసుల మఠంలో నేర్చుకున్నాడు. 1914లో గాంధీ అక్కడి నుంచి వెళ్లిపోతూ తాను చేసిన జతను జనరల్ స్మట్స్‌కు ఇచ్చాడు. స్మట్స్ దాన్ని పాతికేళ్లు దాచి 1939లో తిరిగి పంపాడు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఆ విద్య ఎంత హాయిగా పోయిందో చూడండి. వాళ్లలో ఎవరైనా ఏ రోజైనా వద్దనుకుని లేచిపోవచ్చు. మా తాతకు ఆ వీలు లేదు.

పిల్లకు నేర్పుతావా అని అడిగాను. నేర్పుతానన్నాడు మామ. మరి నీ కొడుకులకెందుకు నేర్పలేదని మళ్లీ అడగలేదు గానీ, ఆయనే చెప్పాడు. "మా పోరలైతే నేర్సుకోక తప్పదు. ఈ పిల్ల నేర్సుకోకున్నా నడుస్తది." కాసేపాగి, "నెలకేమిస్తదో అడుగు. ఊరికే జెప్ప. ఊరికే శాన చేసిన" అన్నాడు. పిల్ల కాలేజీలో కట్టే ఫీజు లెక్కేసి ఒక అంకె చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. చీరకు ఊరి పేరు దక్కింది, దేశమంతా గద్వాల అని పిలుస్తారు. చెప్పుకు మా కులం పేరు అంటింది. ఆ రెండిళ్ల మధ్య ఫీజు మాట్లాడుకుని పాఠం మొదలవడం నేను చూశాను, అదీ మామ గడప లోపల.

మొదటి పాఠం కోత. ఇంట్లో దాచిన ఒక తోలు చెక్క తెచ్చి నీళ్లు చిలకరించి పరిచాడు. వీపు భాగం ఏదో, పొట్ట భాగం ఏదో పిల్ల వేలితో నొక్కి చెప్పాలి. వీపు తోలు గట్టిది, అట్టకు అదే. పొట్ట తోలు సాగుతుంది, దాన్ని అడుగుకు వేస్తే నెల తిరగకుండా చెప్పు వెడల్పవుతుంది. మూడుసార్లు తప్పు చెప్పింది. నాలుగోసారి కళ్లు మూసుకుని చెప్పింది, ఒప్పు.

అప్పుడు నేను నాయిన పెట్టె తెరిచి ఆరె తీశాను. తుప్పు పెద్దగా లేదు. "మామా, నాకూ చెప్పు. నేనూ కూసుంటా" అన్నాను. ఇప్పుడు నేనూ ఎంచుకుని వచ్చినవాణ్నే కదా అని నా ధైర్యం.

మామ నా చేతిలో నుంచి ఆరె తీసుకున్నాడు. కొన మీద వేలు పెట్టి చూశాడు. గీటురాయి మీద నాలుగుసార్లు రుద్దాడు.

"నీకు జెప్ప" అన్నాడు. "మీ నాయినకు మాటిచ్చిన."

ఆరె పిల్ల చేతిలో పెట్టి, పట్టు సరిచేశాడు. ఆమె ఊపిరి బిగబట్టి తోలులోకి పొడిచింది. నేను అవతలి అంచు కదలకుండా పట్టుకున్నాను.