గచ్చుకు గడువివ్వాలి

హైదరాబాద్ పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ చూసొచ్చినవాళ్లు ముందుగా ఖిల్వత్ దర్బారు హాలు గురించీ, అందులో వేలాడే 19 షాండ్లియర్ల గురించీ చెబుతారు. ఆ వెలుగు వెనకున్న గోడలనూ, తోరణాల మీది గచ్చు లతలనూ కూడా కాసేపు ఆగి చూడండి. 1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టించి, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో పూర్తయిన ఈ మహళ్లు ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆలనాపాలనా లేక పాడుబడ్డాయి. నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని బాగుచేయించారు. ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా పరిరక్షణ పనులు చూశారు. 2005లో మ్యూజియంగా తలుపులు తెరుచుకున్నాయి. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది.

ఇలాంటి పని కుదిరితే మేస్త్రీ చేతి చలవ అంటాం. నిజమే. అయితే మేస్త్రీ తాపీ పట్టకముందే సగం పని కాగితం మీద తేలిపోతుంది. పురమాయించేవాళ్లు ఏం అడిగారు, ఎంత గడువిచ్చారు, దేనికి డబ్బు కడతామన్నారు అన్నదాన్ని బట్టే గోడ నిలుస్తుంది.

గచ్చు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ మాట అర్థమవుతుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చి తొట్టి నీళ్లలో వేస్తే కుతకుతలాడుతూ విచ్చుకుంటుంది. వడగట్టాక, నీళ్లు ఇంకిపోకుండా చూసుకుంటూ వారాల తరబడి మాగనివ్వాలి. మాగినకొద్దీ జిగి పెరుగుతుంది. తర్వాత ఇసుకో, ఇటుక పొడో కలిపి గానుగలో నూరతారు. గుండ్రటి కాలువలో రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దు. ఇప్పుడు చాలాచోట్ల ఎద్దు స్థానంలో మోటారు వచ్చింది. కరక్కాయలు దంచి బెల్లంతో నానబెట్టిన నీళ్లు కలుపుతారు. కొన్నిచోట్ల మారేడు గుజ్జు, పైపూతకు గుడ్డు తెల్లసొన కూడా వాడతారు. ఒకేసారి మందంగా మెత్తరు. ఒక పూత బిగిశాకే రెండోది. ఆఖరి సన్నపూతను పచ్చిగా ఉండగానే నున్నటి రాయితో రుద్దుతూ పోతే మెరుపు తేలుతుంది. ఆ పైన తడి గోనెపట్టాలు కప్పుతూ కాపాడుకోవాలి. సున్నం ఊరికే ఎండితే గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకుని తిరిగి రాయి అవుతుంది. ఆ మార్పుకు కాస్త చెమ్మ ఉండాలి. మే నెల ఎండలో హడావిడిగా పూస్తే నెర్రెలిచ్చేది అందుకే.

సిమెంటుకు ఇంత ఓపిక అక్కర్లేదు, రెండు రోజుల్లో పని అయినట్టే కనిపిస్తుంది. కానీ పాత గోడ నేలలోంచి చెమ్మ లాగుతూనే ఉంటుంది. సున్నపు పూతలోంచి ఆ చెమ్మ బయటికి పోతుంది. సిమెంటు దారి మూసేస్తే లోపలే నిలిచి, దాంతో వచ్చిన ఉప్పు గడ్డకట్టి, మెత్తటి పాత ఇటుకను పొడిపొడిగా రాలుస్తుంది. చివరికి సిమెంటు పెళ్ల తనతోపాటు అసలు గచ్చునూ ఊడబెరుక్కుని పడుతుంది. గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో, వెనకటి మరమ్మతుల సిమెంటును ఒలిచి తీయడమే పెద్ద భాగమైంది.

మరి కాగితం మీద ఏం రాయాలి? ముందు పాత గచ్చును చదవాలి. చిన్న పెళ్లను తూచి, పలచటి ఆమ్లంలో వేస్తే బుసబుసా నురగలొచ్చి సున్నం కరిగిపోతుంది. అడుగున ఇసుక మిగులుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, తూచి, జల్లెడ పడితే పాతవాళ్లు ఏ పాళ్లలో కలిపారో, ఎంత సన్నటి ఇసుక వాడారో చాలావరకు తెలుస్తుంది. ఇసుకలో సున్నపురాయి నలుసులు ఉంటే అవీ కరిగిపోతాయి కాబట్టి లెక్క జాగ్రత్తగా కట్టాలి. రాలిపోయిన లతల రూపానికి పాత ఫొటోలు ఆధారం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తీసినవి ఇలాంటి పనికి పెన్నిధి. తర్వాత, కనిపించని ఓ మూల గోడ మీద నమూనా పూత వేయించి, ఒక వానాకాలం గడిచేదాకా చూడాలి. దీనికి వేరే డబ్బు కేటాయించాల్సిందే.

అసలు చిక్కు టెండరులో ఉంది. చదరపు మీటరుకింత అని తక్కువ కోట్ చేసినవాళ్లకే పని ఇస్తే, సున్నం మాగాల్సిన వారాలకు డబ్బు ఇచ్చేవాళ్లెవరు? కాంట్రాక్టరు తొందరపడతాడు, మేస్త్రీ గుట్టుచప్పుడు కాకుండా సిమెంటు కలుపుతాడు. తప్పు మేస్త్రీ మీద వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. సున్నం మాగించడానికీ, గానుగ ఆడించడానికీ, గోనెపట్టాలు తడపడానికీ విడివిడిగా రేటు కట్టాలి. ధర కంటే ముందు, టెండరు వేసినవాళ్ల మేస్త్రీలు ఇదివరకు చేసిన గోడలు వెళ్లి చూడాలి.

చౌమహల్లా లాంటిది మ్యూజియం కూడా కాబట్టి మరో బరువూ ఉంది. అక్కడి బట్టలకూ, పాత కాగితాలకూ దుమ్ము శత్రువు. పని జరిగే గదిలోని వస్తువులను ముందే తరలించి, జాబితా రాసి, మిగతా గదులు సందర్శకులకు తెరిచి ఉంచేలా దశలు వేసుకోవాలి.

ఇక పని పూర్తయ్యాకే ఒప్పందం అసలు ఉపయోగపడుతుంది. తొలకరికి ముందు మిద్దెల మీది నీటి గొట్టాలు శుభ్రం చేసేదెవరు, పిట్టగోడల్లో మొలిచే రావి మొక్కలను వేళ్లు దిగకముందే పీకేదెవరు, చెమ్మ మరక కనిపిస్తే ఎవరికి కబురు చేయాలి, ఆ ఖర్చు ఏ పద్దులోంచి రావాలి అన్నది పని మొదలయ్యే రోజునే రాసి సంతకాలు పెట్టించాలి.