కోటగోడ, ఇసుకగుంత

చౌటుప్పల్‌లో మా యింటి వెనుక నొక చెలక యుండెడిది. ఎర్రమట్టి నేల, నడుమ నేనుగు పండుకొన్నట్లొక బండరాయి, మూలకు తుమ్మకంప. వేసవి సెలవులలో మేము చిర్రగోనె యాడినది అక్కడనే. చిర్ర యెగిరి కంపలో పడెనా, తీయబోయినవాని మోచేతులు గీరుకొనిపోవును; ఇంటికి పోయిన తరువాత అమ్మచేత తిట్లు అదనము. అయినను కంపను తొలగింపవలెనని మాలో నొక్కనికిని తోచలేదు. ఒక యేడు ఆసామి దానిని నరికించి పొయ్యిలోనికి తీసికొనిపోగా, రెండు దినములలో మా యాట చప్పబడెను. మూడవనాడు ఎవరును చెప్పకుండగనే మేము చిర్ర పెట్టు గుంతను బండరాయి దాపునకు మార్చుకొంటిమి. ఆ మార్పునకు కారణమేమో అప్పుడెరుగను. తల నెరసిన పిమ్మట, ఒక మిత్రుని బలవంతముమీద గోల్ఫు కర్ర చేతబట్టిన తరువాత గాని తెలియలేదు.

ధనికుల యాటను గూర్చి వీనికేల వ్రాతయని పాఠకులు కనుబొమలు ముడువవచ్చును. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగినవారి నడుమ పుట్టి పెరిగి, పచ్చిక తడుపుటకు నీరు ధారపోయు ఆటను మెచ్చుకొనుటలో నాకును సిగ్గు లేకపోలేదు. ఆ సిగ్గు నట్లే యుంచుకొని చెప్పుచున్నాను: నన్నాకర్షించినది ఆటకంటె ఆ నేలను తీర్చిదిద్దువారి విద్య. బంతిని చేర్చవలసిన రంధ్రము వ్యాసము 108 మిల్లీమీటర్లు, అరచేతితో మూయదగినంత. దానికిని ఆటగాడు నిలుచు చోటికిని నడుమ నున్న మూడు నాలుగు వందల మీటర్ల నేలలో ఎక్కడ ఇసుకగుంత త్రవ్వవలెను, ఎక్కడ నీరు నిలుపవలెను, ఎక్కడ గడ్డిని మోకాలెత్తు పెరుగనీయవలెను, రంధ్రము చుట్టునున్న నున్నని పచ్చికయైన గ్రీనును ఏ వాలునకు వంచవలెను అని ఆలోచించి, ముఖము తెలియని మనుష్యునికి విసుగును సంతోషమును సరిపాళ్ళలో కలిపి పెట్టుట వారి వృత్తి. మా కొయ్యలగూడెములో చిటికి కట్టువాడు మగ్గమెక్కకముందే నూలునకు ముడివేయును గదా, ఆ ముడి తప్పైనచో నేతలోగాని బయటపడదు. ఇదియు నట్టిదే.

ముడి తప్పినచోట నేనొకసారి పడితిని. అది నగరము వెలుపలి యొక మైదానము, పేరు చెప్పను. ఆనాడు నా దెబ్బ అపూర్వముగా కుదిరి, బంతి తిన్నగా పోయి ఎదుటి మిట్ట దాటి దిగెను. చప్పట్లు కూడ పడినవి. మిట్ట యెక్కి చూతునుగదా, దాని వెనుకనే, మేము నిలిచినచోటికి ఏ మాత్రమును కానరాకుండ, రొమ్మెత్తు గోడగల ఇసుకగుంత! నా బంతి దాని అడుగున, గోడ కానుకొని, కోడిగ్రుడ్డువలె సగము పూడి యున్నది. ముందురాత్రి కురిసిన వానకు ఇసుక పైన పొరగట్టి, క్రింద మెత్తగా నుండెను. మొదటి దెబ్బకు ఇసుక కంటిలో పడినది. రెండవ దెబ్బకు బంతి గోడకు తగిలి నా పాదములకడకే వచ్చినది. మూడవ దానిని గూర్చి చెప్పుకొనదగిన దేమియు లేదు. నాలుగవసారి వెనుకకు కొట్టి బయటపడితిని.

సంచి మోయు కుర్రవాడు నింపాదిగా ననెను: "గీ గుంత అందరికి గిట్లనే సార్. కొత్తగ వచ్చినోళ్లంత ఇండ్లనే పడ్తరు."

"మరి ముందుగల్ల చెప్పొద్దా?"

"అడిగితె చెప్తుంటి గద సార్!"

అతనిని నేనేమియు ననలేదు; తప్పతనిది కాదు. హైవే దిగి ఊరిలోనికి మలుగుచోట రంగు వేయని స్పీడు బ్రేకరుమీద మునిమాపువేళ స్కూటరు ఎగిరిపడినప్పుడు నడుమునకు ఎట్టి నొప్పి కలుగునో, ఆ గుంతలో మనస్సునకు అట్టి నొప్పి కలిగెను. కంపలో చిర్ర పడినప్పుడు మాకు ఏడ్పు వచ్చెడిది గాని రోషము వచ్చెడిది కాదు. కంప కంటికి కనబడుచునే యుండెడిది. తప్పించుకొని కొట్టు దారియు నుండెడిది. సాహసించి దానిమీదుగా కొట్టినవాడు పడినచో అది వాని స్వయంకృతము.

ఈ భేదము గొప్పవారి కథలలోను కనబడును. స్కాట్లండు దేశమున సెయింట్ ఆండ్రూస్ పాత మైదానములో పదునేడవ రంధ్రముకడ నొక చిన్న లోతైన ఇసుకగుంత కలదు. 1978 ఓపెన్ పోటీ మూడవనాడు జపాను ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బలలోనే గ్రీను చేరెను. నాలుగింట ముగియవలసిన రంధ్రమది. మెల్లగా దొర్లించిన బంతి వాలుపట్టి ఆ గుంతలోనికి జారగా, వెలికి తీయుటకే నాలుగు దెబ్బలు పట్టినవి; మొత్తము తొమ్మిది. ఆ గుంత అక్కడ నున్నదని నకజిమాకు తెలియును, చూచువారికిని తెలియును. అదే మైదానములో 1921లో, పందొమ్మిదేండ్ల బాబీ జోన్స్, పదునొకండవ రంధ్రపు గుంతలో చిక్కి బయటపడలేక, పోటీనుండి తొలగెను. ఆరేండ్ల తరువాత అక్కడనే ఓపెన్ గెలిచెను. పిమ్మట ఆ నేలను ప్రేమించినంతగా మరి దేనిని ప్రేమింపలేదందురు.

ఇక్కడ నా సిద్ధాంతమున కొక చిల్లు పడుచున్నది, దాచను. ఆ పాత మైదానములోనే పండ్రెండవ రంధ్రపు గుంతలు ఆటగాడు నిలుచు చోటికి కనబడవు. ఒకప్పుడు ఆటను ఎదురుదిశలో నాడెడివారు గనుక, అవి అటు ముఖము పెట్టి యున్నవి. మరి వానిపై రోషమేల రాదు? వానిని ఏ మేధావియు కొత్తవానిని పట్టుటకై పన్నలేదు గనుక. గాలికి జడిసి గొఱ్ఱెలు ఒదిగి పడుకొనగా ఏర్పడిన పల్లములే అక్కడి గుంతలకు మూలమని పెద్దల మాట. గొఱ్ఱె త్రవ్విన గుంతను ఎవరడుగుదురు? మనుష్యుడు త్రవ్విన దానికి మాత్రము జవాబు చెప్పవలెను.

అట్లని కంటిని మభ్యపెట్టుటయే నేరమనను. జోన్స్‌తో కలిసి అగస్టా మైదానమును తీర్చిన ఆలిస్టర్ మెకంజీ వృత్తిచే వైద్యుడు. దక్షిణాఫ్రికా యుద్ధమున బోయరు సైనికులు నేలలో కలిసిపోయి దాగికొను నేర్పును చూచి, ఆ విద్యను మైదానములకు తెచ్చినవాడు. గ్రీనునకు చాల ముందుగా నున్న గుంతను దాని నంటియే యున్నట్లు తోపించుట అతనికి వెన్నతో పెట్టిన విద్య. అయినను గుంత కనబడుచునే యుండును. దూరమును లెక్కగట్టుకొను భారము మనది. 1920లో వెలువరించిన పుస్తకములో అతడే, పోయిన బంతిని వెదకుకొను విసుగు మైదానములో నుండరాదనెను. పొదలలో కర్రతో గెలుకుచు పావుగంట గడపిన వారెవరైనను ఆయనకు మ్రొక్కుదురు.

ఫ్లోరిడాలో పీట్ డై 1980లో ముగించిన సాగ్రాస్ మైదానపు పదునేడవది వేరొక తీరు. తక్కిన రంధ్రములకు కావలసిన ఇసుకను అక్కడనే త్రవ్వి త్రవ్వి మిగిలిన గోతిలో నీరు నింపి, నడుమ గ్రీనును ద్వీపముగా నిలుపుమని సలహా యిచ్చినది అతని భార్య ఆలిస్. దాపరిక మేమియు లేదు, చుట్టును నీరే. కాని పక్కదారియు లేదు; చేతగానివాడు పది బంతులు ముంచుకొని తలవంచుకొని పోవలసినదే. చూచువానికి వేడుక, నా బోంట్ల మోకాళ్ళకు మాత్రము అది వణుకు.

నాకు ప్రియమైన పాఠము గోల్కొండకడ దొరకినది. 1656లో ఔరంగజేబు ముట్టడించినప్పుడు కోట బయటి యొక మిట్టనుండి ప్రమాద మున్నదని గ్రహించి, అబ్దుల్లా కుతుబ్ షా ఆ మిట్టను లోపలికి కలుపుకొని కొత్త గోడ కట్టించెను. అదియే నయా ఖిల్లా. నేడు హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు మైదానము ఆ గోడల నడుమ పరచుకొని యున్నది. (చారిత్రక స్థలములో ఆట యేమిటని పురాతత్త్వప్రియు లడిగిన ప్రశ్న న్యాయమైనదే, నేనక్కడికి పోయినప్పుడెల్ల కొంచెము దొంగవలె నడతును.) చుట్టుకొలత 27 మీటర్లున్న హతియాన్ చెట్టు నీడకు చేరి చూచినచో, కోట కట్టినవాని విద్యయు మైదానము గీసినవాని విద్యయు ప్రక్కప్రక్కనే తెలియును. బాలాహిస్సారు ద్వారమున కెదురుగా అడ్డుగోడ కట్టినది ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపును గ్రుద్దకుండుటకు. ఫతే దర్వాజాకు ఇనుపమేకులు దిగగొట్టినదియు నందుకే. శత్రువునకు ముందుగా చెప్పవలసిన పని లేదు, దారి చూపవలసిన పని అంతకంటె లేదు. ఇంత చేసియు 1687లో, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, లోపలివాడే తలుపు తీసెననుట వేరు సంగతి. మైదానమునకు వచ్చువాడన్ననో పైకము చెల్లించి వచ్చు అతిథి. అతనిని ఏనుగుగా నెంచి గోడ కట్టువారివలననే నా బోటివాడు ఇసుకలో నాలుగు దెబ్బలు కొట్టవలసి వచ్చుచున్నది.

మొన్న చౌటుప్పల్ పోయినప్పుడు మా చెలకను చూచి వచ్చితిని. ప్లాట్లుగా మారినది, తెల్లసున్నము పూసిన హద్దురాళ్ళు గళ్ళకాగితమువలె వరుసలు దీరి యున్నవి. బండరాయి కంకరయై యెటు పోయినదో తెలియదు. ఇద్దరు పిల్లలు ఒక హద్దురాతిమీద కొబ్బరిచిప్ప నిలిపి టెన్నిసు బంతితో గురిచూచి కొట్టుచుండిరి. ఎంతసేపటికో తగిలి చిప్ప క్రింద పడినది. పెద్దవాడు దానిని మరల నిలిపెను. చిన్నవాడు నిలిచినచోటినుండి, ఎవరును చెప్పకుండగనే, నాలుగడుగులు వెనుకకు జరిగెను.