మూడో చరణం ఎవరికైనా గుర్తుందా?

కాన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో డాన్ లేకాక్ అనే భాషాశాస్త్రవేత్త ఉండేవారు. పాపువా న్యూగినీ భాషల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆయనే 1982లో ‘ది బెస్ట్ బాడ్రీ’ అని ఒక పాటల పుస్తకం తెచ్చారు. పెద్దవాళ్లు లేరని చూసుకుని కుర్రకారు గొంతెత్తే బూతుపాటలూ వెక్కిరింపు పాటలూ అందులో ఉన్నాయి. అంత చదువుకున్నాయన వాటిని చిన్నచూపు చూడలేదు. అందుకే నాకు ఆయనంటే గౌరవం.

అంతకు ముందే, 1962లో, మెల్‌బోర్న్‌లో కెన్ గాట్, స్టీఫెన్ మరీ-స్మిత్ అలాంటి పాటలనే పోగుచేసి మారుపేర్లతో చాటుమాటుగా అచ్చు వేశారు. సెన్సారు కత్తి పదునుగా ఉన్న రోజులవి. మరీ-స్మిత్ మామూలువాడు కాదు, ‘ఓవర్‌ల్యాండ్’ సాహిత్య పత్రిక స్థాపకుడు.

మన హాస్టల్ పాటలకు అలాంటి దిక్కు లేకపోయింది. సిడ్నీలో పాత మిత్రులం కలిస్తే, ఘంటసాల పాట బాణీలో మెస్సు సాంబారు మీద కట్టిన పేరడీ తప్పకుండా వస్తుంది. పల్లవి అందరికీ వచ్చు. రెండో చరణానికి గొంతులు తగ్గుతాయి. మూడోది వట్టి కూనిరాగం. పల్లవిని సినిమా బాణీ కాపాడింది. చరణాల్లో ఉన్నది ఆ ఏటి వార్డెన్, ఆ ఏటి సమ్మె, మెస్సు కాంట్రాక్టరు నత్తి. అవన్నీ మనసులోంచి జారిపోయాక ప్రాస ఒక్కటే ఎంతకాలం నిలుస్తుంది? జరుక్ శాస్త్రి పేరడీలు ఈనాటికీ నవ్విస్తున్నాయంటే, ఆయన అనుకరించిన శ్రీశ్రీ, కృష్ణశాస్త్రి ఇంకా మన నోట ఉండబట్టే. మా వార్డెన్‌కు ఆ భాగ్యం ఎక్కడిది!

కాబట్టి ఈ పాటను నిలుపుకోవాలంటే మాటలొక్కటే రాసుకుంటే చాలదు. ఎవరి మీద కట్టారు, ఆ వారం ఏం జరిగింది, ఏ మాట దగ్గర హాలంతా గొల్లుమంది, ఇవీ పక్కనే రాయాలి. ఖాళీలను సొంత తెలివితో పూడ్చకూడదు. మిత్రుల్లో పద్యం కట్టగలవాళ్లున్నారు, చిటికెలో కొత్త చరణం అల్లేస్తారు. బాగానే ఉంటుంది కానీ అది మా పాట కాదు.

ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. మూడో చరణంలో ఉన్నది ఉప్మా అని పెర్త్ మిత్రుడు, కాదు పులిహోరే అని విశాఖ మిత్రుడు. రెండూ రాసుకున్నాను, ఎవరు చెప్పారో కూడా. నాలుగో చరణం ఒకటుండేదని హైదరాబాదు నుంచి ఇంకొకాయన అంటున్నాడు. ఆదివారం ఆయన్ను కూర్చోబెట్టి పాడించాలి.